జెండా గుంజల నడుమ పడుగు

నగరి నేతోళ్ళ వీధిలో పొద్దెక్కినా ఎవరి గొంతూ వినబడలేదంటే ఎవరో పోయినారని అర్థం. జగడాలూ పరిహాసాలూ రాట్నాల చప్పుడూ కలగలిసి మోగతా ఉండే వీధి అది. ఆ యేడు మాత్రం ఎవరూ పోకుండానే వీధి మూగబోయింది. పార్టీలు వచ్చినాయి, అంతే.

ఏ పార్టీలని నన్ను అడగొద్దండి. పేర్లు చెప్పినానంటే మీరూ ఏదో ఒక పక్కకు ఒరిగి కూర్చుంటారు, నా కథ వినరు. ఆ వీధివాళ్ళు పెట్టుకున్న పేర్లే చెబుతాను. వీధికి తూరుపు కొసన ఒక జెండా, అది తూరుపు పార్టీ. పడమటి కొసన ఇంకొక జెండా, అది పడమటి పార్టీ. ఎనబైల్లో మాట ఇది. నూలు ధర కొండెక్కి కూర్చునింది. వానలు మొహం చాటేసినాయి. పక్క వీధుల్లో పవర్‌లూములు రేయింబగళ్ళు డబడబలాడతా చేతి మగ్గాల నోట్లో మట్టి కొడతా ఉండాయి. కడుపు కాలేటప్పుడు ఎవర్నో ఒకర్ని తిట్టాలనిపిస్తాది గదా మనిషికి. తూరుపోళ్ళు పడమటోళ్ళను తిట్టినారు, పడమటోళ్ళు తూరుపోళ్ళను తిట్టినారు. మగ్గాల మీద దుమ్ము పేరుకుంటా ఉంటే తుడిచే దిక్కు లేకపోయింది.

కుప్పమ్మ మొగుడు గంగాధరం తూరుపు పార్టీ. ఎదురింటి చిన్నబ్బ కుప్పమ్మకు సొంత తమ్ముడు, పడమటి పార్టీ. చిన్నబ్బ పెండ్లాం దేవకమ్మేమో గంగాధరానికి సొంత చెల్లెలు. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న ఇండ్లు. ఈ ఇంట్లో సంగటి కెలికితే ఆ ఇంట్లోంచి నంజుకునేదానికి ఊరిబిండి వచ్చేది. అట్లాంటిది ఎన్నికలప్పుడు బావా బామ్మర్దీ నడివీధిలో చొక్కాలు పట్టుకున్నారు. ఆ పొద్దునుంచి మొగోళ్ళు మాట్లాడుకోరు, ఆడోళ్ళను మాట్లాడుకోనియ్యరు. దేవకమ్మ వాకిట్లో ముగ్గు వేస్తా కుప్పమ్మను చూసినా చూడనట్ల తల దించుకుంటాది. కుప్పమ్మకు లోపల సురుక్కుమంటాది, పైకి మాత్రం చీపురుతో నేలను గట్టిగా కొడతాది.

ఇట్లుండంగా శానా దినాల తర్వాత నేతోళ్ళ సొసైటీకి నూలు వచ్చింది. కుప్పమ్మ తోపులాటలో చొరబడి, గుమాస్తా మొహం ముందర నిలబడి, తన వంతు తెచ్చుకునింది. గుమాస్తా ఒక మాట గట్టిగా చెప్పి పంపినాడు.

"శుక్రవారానికి పడుగు గంజి పట్టి మగ్గమెక్కాల కుప్పమ్మా. ఎక్కలేదంటే నూలు వెనక్కి తెచ్చియ్యాల్సిందే. కాసుకోని ఉండేవాళ్ళు శానామంది ఉండారు."

నూలు వెనక్కి పోయిందంటే మగ్గం పడినట్టే. మగ్గం పడిందంటే గంగాధరం మద్రాసు రైలెక్కి ఎవడిదో పవర్‌లూము కాడ కూలికి నిలబడాల్సిందే. వీధిలో కొందరు అట్ల పోయినారు. పండగకు వచ్చినప్పుడు వాళ్ళు అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటారు, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్ల. వాళ్ళను చూస్తే కుప్పమ్మకు ఏడుపొస్తాది. తన మొగుడి చేతులు అట్ల కావడానికి వీల్లేదు. పార్టీ పిచ్చోడే కావచ్చు, మాట మొరటే కావచ్చు, ఆయన చేత్తో నేసిన కైలీ లుంగీ నీళ్ళు పోస్తే నీళ్ళు నిలిచేంత ఒత్తుగా ఉంటాది. ఆ చేతులు వేరే ఊళ్ళో ఇంకొకడి మిషను ముందర చేతులు కట్టుకొని నిలబడేది లేదు. ఆయమ్మ పట్టు అది.

నేతపని తెలియనోళ్ళకు ఈడ ఒక మాట చెప్పాల. పడుగంటే బట్టలోని నిలువు పోగులు. వందలకొద్దీ పోగుల్ని వీధి పొడుగునా సాగదీసి, నడుమ నడుమ కత్తెర మాదిరిగా కట్టిన కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, రెండు పక్కలా మనుషులు నిలబడి కుంచెలతో దువ్వతా పోవాల. గంజి తడిగా ఉండంగానే దువ్వాల, పోగుకు పోగు విడిపోయేదాకా దువ్వాల. నడుమలో వదిలితే పోగులన్నీ అంటుకోని కట్టెబారిపోతాయి, ఇంక ఆ పడుగు దేనికీ పనికిరాదు. ఇది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని గాదు. అందుకే ఆ వీధిలో తాతల కాలం నుంచి ఒక పద్ధతి. ముందుదినం సాయంత్రం పడుగింటి వాళ్ళు వాకిలి వాకిలికీ పోయి "రేపు మా పడుగబ్బా" అంటారు. ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి ఇంటికొక మొగోడు కుంచె ఎత్తుకొని వచ్చి నిలబడతాడు. ఈ పొద్దు నీది, రేపు నాది. కోర్టుకెక్కిన అన్నదమ్ములు గూడా పడుగు కాడ ఎదురెదురుగా నిలబడి దువ్వినారు గానీ రానని ఎవడూ అనలేదు.

పడుగును లాగి కట్టేదానికి వీధి రెండు కొసల్లోనూ రెండు రాళ్ళు ఉండేవి. ఉండేవి అంటాండాను చూడండి, ఎందుకంటే జెండాలు నాటేటప్పుడు మన మొగోళ్ళు ఒక ఘనకార్యం చేసినారు. కొత్తగా గుంత తవ్వే ఓపిక ఎవరికుండాది? తూరుపు కొసన గంగాధరం మనుషులు పడుగురాయి పెరికి, ఆ గుంతలోనే ఇనప గుంజ దింపి సిమెంటు పోసినారు. వాళ్ళు పెరకంగా లేంది మనకేమని పడమటి కొసన చిన్నబ్బ మనుషులూ రాయి పెరికి వాళ్ళ గుంజ దింపినారు. అప్పుడు వీధిలో నూలే లేదు కాబట్టి పడుగు సంగతి ఏ మహానుభావుడికీ తట్టలేదు. పెరికిన రాళ్ళను ఎవడో ఇంటికి పునాదిలో వేసుకున్నాడు గూడా.

బుధవారం సాయంత్రం కుప్పమ్మ పడుగు చుట్టి సిద్ధం చేసి, వాకిట్లోకి వచ్చి చూస్తే నగరి కొండకు ముక్కు మాదిరి ఉండే రాతి మీద మబ్బు కూర్చునుండాది. ముక్కు మీద మబ్బు కూర్చుంటే రెండో దినానికి వాన. ఆ యేడంతా రాని వాన ఇప్పుడే రావాల! రేపు పొద్దున గంజి పట్టకపోతే ఇంక పట్టేది లేదు.

గంగాధరం అరుగు మీద కూర్చొని రంగుకాగితాలు దారానికి అతికిస్తా ఉండాడు. పక్కన సత్తు గిన్నెలో గంజి. కుప్పమ్మ ఆ గిన్నె వంక చూసింది, ఇంట్లో బియ్యం దాచిపెట్టిన కుండ వంక చూసింది.

"ఏమయ్యా, యా బియ్యంతో కాచినావు ఆ గంజి?"

"రేపు మా పార్టీ రామచంద్రన్న వస్తాండాడు మే. మన వీధిలో మీటింగు. తోరణాలు కట్టొద్దా?"

"నేనడిగింది అది గాదు."

"ఉన్న బియ్యంతోనే," అన్నాడు గంగాధరం, తల ఎత్తకుండా.

పడుగు గంజికని సంగటిలో నూకలు గూడా వేయకుండా మిగిలించుకున్న బియ్యం అది. కుప్పమ్మకు ఒళ్ళు భగ్గుమనింది.

"పడుగుకు పెట్టే గంజి కాగితాలకు పెడతాండావు. బాగుండాది. ఇంక ఆ కాగితాలే నేసి కైలీలు చెయ్యి, నీ రామచంద్రన్న కట్టుకుంటాడు."

"నోరు తగ్గించు. ఆయన వచ్చి చూస్తే వీధికంతా నూలు వస్తాది. అంతదాకా నీ పడుగు ఆగలేదా?"

"శుక్రవారం దాకనే ఆగేది. రేపు తప్పితే వాన. పొయ్యి వీధిలో చెప్పు, రేపు మా పడుగని."

"చిన్నబ్బ గాడి వాకిలి నేను తొక్కను."

"నువ్వు తొక్కొద్దులే సామీ. నీ కాళ్ళకు గూడా సిమెంటు పోసుండారు గదా, ఆ గుంజతో పాటు," అని కుచ్చిళ్ళు ఎగదోపుకొని కుప్పమ్మే వీధిలో పడింది.

తూరుపు పార్టీ ఇండ్లకు పోతే, "రేపు రామచంద్రన్న వస్తాడు గదక్కా, ఎదురుపోవాల, మాకు తీరదు" అన్నారు గురప్పా, తక్కినోళ్ళూ. పడమటి పార్టీ ఇండ్లకు పోతే, "గంగాధరం పడుగుకు మేము వస్తే మా పార్టీలో మొహం చూపించేదెట్ల?" అన్నారు. తమ్ముడు చిన్నబ్బ వాకిట్లోనే నిలబడి ఉండాడు. వాడు చిన్నప్పుడు కుప్పమ్మ చంకలో తిరిగినోడు. అక్కను చూసి వాడి మొహం మెత్తబడింది, మళ్ళీ అంతలోనే బిగుసుకునింది.

"బావను వచ్చి పిలవమను, వస్తా," అన్నాడు.

"నేను పిలిస్తే రావా?"

"నిన్నెవరు కాదన్నారక్కా. ఆయప్ప పార్టీ వల్లనే గదా నూలు ధర ఇట్లయింది. ఆయప్పనే వచ్చి అడగనీ."

ఎదురింటి అరుగు మీద నుంచి గంగాధరం గొంతు లేచింది. "ఎవరి పార్టీ వల్ల రా? ఇన్నేండ్లు దోచుకు తినింది ఎవరు?"

అంతే, ఇద్దరూ మొదలుపెట్టినారు. వాకిండ్లలోకి జనం వచ్చినారు. ఆ పక్క నుంచి నలుగురు, ఈ పక్క నుంచి నలుగురు. దిల్లీ అంటారు, హైదరాబాదు అంటారు, మిల్లులంటారు, అమ్ముడుపోయినారంటారు. నడుమలో కుప్పమ్మ నిలబడి ఈ పక్కకూ ఆ పక్కకూ చూసింది. చూసి చూసి ఒక్క కేక పెట్టింది.

"ఆపండ్రా నాయనల్లారా!"

ఆ కేకకు కుక్క గూడా మొరగడం ఆపింది.

"నూలు ధర ఎవరు పెంచినారని రోజూ కొట్టుకుంటాండారే. ఎవరైతే ఏం, వాళ్ళను అడగాల. గొంతు మీద కూర్సోని అడగాల. నేనేం వద్దనలా. కానీ ఒక్క సంగతి సెప్పండి. రేపు నా పడుగుకు గంజి పట్టకుండా అడ్డమొచ్చింది యా గవర్మెంటు? నీ కుంచె ఎత్తొద్దని నీకు దిల్లీ నుంచి కాయితం వచ్చిందా గురప్పా? నీకు హైదరాబాదు నుంచి వచ్చిందా సిన్నబ్బా? రాళ్ళు పెరికింది యా మంత్రి? ఇది మీరు సేసిన పని. మీ సేతులతో మీరు సేసిన పని. దీన్ని ఎవరి నెత్తిన ఎయ్యాలని సూసినా అంటుకోదు!"

ఒకడు దగ్గినాడు. ఇంకొకడు "ఆడమనిషికి ఎందుకొచ్చిన రాజకీయం" అని గొణిగి లోపలికి పోయినాడు. ఒక్కొక్కరే తలుపులు వేసుకున్నారు. కుప్పమ్మ నడివీధిలో ఒక్కతే మిగిలింది. కండ్లలో నీళ్ళు తిరిగినాయి గానీ ఆ వీధికి ఆ నీళ్ళు చూపించేది లేదని గబగబా ఇంటిదారి పట్టింది.

వాకిలి ఎక్కతా ఉంటే వెనక నుంచి ఎవరో చిన్నగా పిలిచినారు.

"వదినా."

దేవకమ్మ. మొగుడు చూస్తాడేమోనని చీర కొంగు తల మీదికి లాక్కొనుండాది. ఎన్ని నెల్లయిందో ఆ పిలుపు విని.

"ఏమ్మే?" అనింది కుప్పమ్మ, కావాలనే కసురుకున్నట్ల.

"కుంచె ఎట్ల పట్టుకునేది వదినా? నాకు సూపిస్తావా?"

ఆ వీధిలో ఆడోళ్ళు నూలు తోడతారు, కండెలు చుడతారు, గంజి కాస్తారు. కుంచె మాత్రం మొగోళ్ళదే. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి చూస్తా ఉండే పనే గానీ పట్టుకున్న ఆడది లేదు.

"నాకు మాత్రం యాడ తెలుసు? రేపు ఇద్దరం కలిసి నేర్చుకుందాం. ముందు నాలుగు గుప్పిళ్ళు బియ్యం ఉంటే తీసుకురా. నా బియ్యం మీ యన్న తోరణాలకు పూసినాడు."

దేవకమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆ నవ్వు విని చాలా దినాలయింది.

తెల్లవారుజామున చీకటి మొబ్బుండంగానే, దేవకమ్మ తెచ్చిన బియ్యంతో గంజి కాచి, ఇద్దరూ పడుగు చుట్ట ఎత్తుకొని వీధిలోకి దిగినారు. నిన్నటి కేక విని, మొగుడి కుంచె ఎత్తుకొని వసంతమ్మ వచ్చింది. ఆమె మొగుడు తూరుపు పార్టీలో గొంతు పెద్దోడు, ఇంకా గురక పెడతా ఉండాడు. ముసలి సిద్ధమ్మ పోయిన మొగుడి కుంచె బూజు దులుపుకుంటా వచ్చింది. "ఆయప్ప బతికుండంగా దీన్ని ముట్టుకోనియ్యలా. ఇప్పుడు వచ్చి అడగమను సూద్దాం," అనింది. ఇంకా నలుగురైదుగురు వచ్చినారు. ఏ పక్క ఇంటి వాళ్ళు ఎందరని కుప్పమ్మ లెక్క చూడలేదు.

"కట్టేది దేనికమ్మా? రాళ్ళు లేవే," అనింది సిద్ధమ్మ.

"అంతకంటే గట్టివి నాటి పెట్టుండారు గదా మన మొగోళ్ళు," అని కుప్పమ్మ పోయి పడుగు ఒక కొస తూరుపు జెండా గుంజకు చుట్టింది. రెండో కొస పట్టుకొని దేవకమ్మ వీధి పొడుగునా నడిచిపోయి పడమటి గుంజకు కట్టింది. ఇద్దరూ బిగించి లాగినారు. పుట్టినప్పట్నుంచి పడుగు లాగిన మొగోళ్ళు నాటిన గుంజలు గదా, ఎంత సూటిగా నిలబడినాయంటే పడుగు వీధి నడుమన గీత గీసినట్ల సాగింది. కర్రలు ఎత్తినారు. గంజి పట్టించినారు. కుంచెలు అందుకున్నారు.

మొదట్లో నవ్వులాట. కుంచె ఎదురు దువ్వినారు, గంజి మొహాల మీద చిందించుకున్నారు, వసంతమ్మ చేతిలో కుంచె జారి కాలిమీద పడింది. పోగాపోగా చేతులకు దారి తెలిసింది. పై నుంచి ఒకరు, కింద నుంచి ఒకరు, అడుగు కలిపి నడవతా దువ్వతా ఉంటే పోగులు విడిపోయి మెరస్తా వచ్చినాయి.

అప్పుడు లేచినాడు గంగాధరం. వాకిట్లోకి వచ్చి తన జెండా గుంజకు చుట్టిన పడుగును చూసి ఉలిక్కిపడినాడు. అదే నిమిషంలో ఎదురింటి తలుపు తీసుకొని చిన్నబ్బ బయటికొచ్చినాడు.

"మా జెండాకు కడతావా!" ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో అరిచినారు. అరిచి ఒకర్నొకరు చూసుకొని మొహాలు తిప్పుకున్నారు. నెలల తరబడి కలవని మాట ఆ పొద్దు అట్ల కలిసింది.

"రెండింటికీ కట్టినాంలే, ఎవరికీ తక్కువ చెయ్యలా," అనింది సిద్ధమ్మ దువ్వతానే.

"విప్పు మే. ఇంకొంచేపటికి రామచంద్రన్న వస్తాడు," అన్నాడు గంగాధరం, కొంచెం బతిమలాడినట్లే.

"గంజి పట్టినాక పడుగు విప్పుతారా? నేతోడివేనా నువ్వు?"

గంగాధరం తడిసిన పోగుల వంక చూసినాడు. తూరుపు పక్క అడ్డసందులో డప్పులు మోగినాయి. ఆయన తువ్వాలు సర్దుకొని అటు పరిగెత్తినాడు.

రామచంద్ర పుత్తూరు పక్క మామిడితోటల ఆసామి. మనిషి చెడ్డోడేం కాదు, మంచి చెడ్డలు చూసే తీరిక లేనోడు. ముందర డప్పులు, వెనక జెండాలు, నడుమ జీపు. జీపు అడ్డసందులోంచి వీధిలోకి తిరగబోయి పడుగు కాడ ఆగిపోయింది. సందు మొగదలకు అడ్డంగా, వీధి పొడుగునా నడుమెత్తున పోగులు. రెండు పక్కలా ఆడోళ్ళు, చేతుల్లో కుంచెలు, మొహాల మీద గంజి చుక్కలు. ఒక్కరు గూడా తిరిగి చూడలేదు. చూస్తే చెయ్యి ఆగిపోతాది, ఆగితే గంజి ఆరిపోతాది.

"ఏంది గంగాధరం ఇది?" అన్నాడు రామచంద్ర జీపులో నిలబడి.

కుప్పమ్మే దువ్వతా దువ్వతా జవాబు చెప్పింది.

"పడుగు సామీ. ఆరేదాకా బండి పోదు. మీటింగు పెట్టుకోవాలంటే వంగి కింద దూరి రండి. మా వీధిలో పెండ్లికొడుకైనా పడుగు కింద వంగే పోతాడు."

వీధంతా గుసగుసలు. రామచంద్ర నవ్వినాడు, పెద్దమనుషులు నవ్వే నవ్వు.

"అమ్మా, నేను మీ మంచికే వచ్చినా. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాల, అన్నిటికీ ప్రభుత్వం వైపు చూడగూడదు అని చెప్పేదానికే ఈ పొద్దు మీటింగు."

"నిలబడే ఉండాం సామీ," అనింది కుప్పమ్మ. "మొబ్బు నుంచి నిలబడే ఉండాం. మీరే కూర్సోని వచ్చినారు."

పడమటి పక్క అరుగుల మీద చేరిన చిన్నబ్బ మనుషులు పగలబడి నవ్వినారు. చప్పట్లు కొట్టినారు. "సెబాసక్కా! బాగా పెట్టినావు!" అని ఈలలు వేసినారు. కుప్పమ్మ కుంచె ఆపకుండానే తల అటు తిప్పింది.

"మీకెందుకురా అంత సంబరం? నిన్న వాకిలి వాకిలికీ వచ్చి పిలిస్తే ఒక్కడు గూడా గడప దాటలా. ఇప్పుడు చప్పట్లకు మాత్రం సేతులొచ్చినాయా? ఆ సేతులే ఈడ పెట్టుంటే ఈ పాటికి పనైపోయుండును!"

ఈలలు ఆగిపోయినాయి. చిన్నబ్బ చప్పట్లు కొడతా ఉండిన చేతుల్ని మెల్లగా కిందికి దించినాడు.

రామచంద్ర మొహంలో నవ్వు పోయింది. అందరి ముందర, అందులోనూ పడమటి పార్టీవాళ్ళ ముందర, వంగి పోగుల కింద దూరేదానికి ఆయనకు మనసొప్పలేదు. "గంగాధరం, నీ ఇంటి పడుగే గదా. నువ్వే విప్పి పక్కకు తీయించు," అన్నాడు. డ్రైవరుకు అదే సైగ అనిపించిందో, తొందరపడినాడో, జీపు ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. ముందరి కమ్మీ తగిలి కత్తెర కర్ర పక్కకు ఒరిగింది. పటపటమని శబ్దం.

"పోగులు తెగినాయ్!"

ఆ కేక కుప్పమ్మది కాదు. జీపు పక్కనే నిలబడిన గంగాధరానిది. చేతిలో ఉండిన పూలదండ యాడ పడేసినాడో ఆయనకే తెలియదు. ఒక్క అంగలో జీపు ముందరికి దూకి, రెండు చేతులూ అడ్డం పెట్టి, "వెనక్కి! బండి వెనక్కి తియ్! పోగులు తెగతాండాయి!" అని గొంతు చించుకున్నాడు. నేతోళ్ళ వీధిలో ఆ మాట వినబడితే తింటా ఉండే అన్నం వదిలిపెట్టి లేస్తారు. అరుగుల మీద ఉండినోళ్ళు దూకినారు, డప్పుల వెనక ఉండినోళ్ళు డప్పులను తోసుకొని వచ్చినారు. ఒకడు కర్ర నిలబెట్టినాడు, ఒకడు వేలాడే పోగుల్ని నేలకు తగలకుండా అరచేతుల్లో పట్టుకున్నాడు. చిన్నబ్బ ఎప్పుడొచ్చినాడో, వేళ్ళు నోట్లో తడుపుకొని తెగిన కొసలు వెతుక్కొని ముడేస్తా ఉండాడు. ఎదురుగా గంగాధరం. ఇద్దరి తలలూ తగిలేంత దగ్గర. ఒకడు కొస అందిస్తే ఇంకొకడు ముడేస్తాండాడు.

"గంగాధరం!" రామచంద్ర గొంతు గట్టిగా వచ్చింది. "ఇటు రా. నీకు పార్టీ కావాల్నా, వద్దా? ఈ పొద్దు తేల్చి చెప్పు."

గంగాధరం పండ్ల నడుమ తెగిన పోగు కొస ఉండాది. నోరు తెరిస్తే జారిపోతాది. తల గూడా తిప్పకుండా, ఎడమచెయ్యి వెనక్కి ఎత్తి, ఏడ్చే బిడ్డను ఊరుకోమన్నట్ల ఆడించినాడు. ఉండు, పనిలో ఉండా అని. పార్టీలో చేరినప్పట్నుంచి రామచంద్రకు అట్లాంటి జవాబు ఎవరూ ఇచ్చుండరు.

"సరే," అన్నాడు రామచంద్ర. "ఈ వీధికి నూలు ఎట్ల వస్తాదో నేనూ చూస్తా." జీపు వెనక్కి తిరిగేదానికి చోటు చాలక, వచ్చినదారినే వెనకకు వెనకకు పోయింది. డప్పులోళ్ళు ఏం చేయాలో తెలియక కొంచేపు నిలబడి, వాళ్ళూ పోయినారు.

ఆ చివరి మాట అందరికీ తాకింది. తూరుపోళ్ళకూ తాకింది, పడమటోళ్ళకూ తాకింది. కుప్పమ్మకు అందరికంటే ముందు తాకింది. ఈ ఒక్క పడుగు మగ్గమెక్కుతాది, ఆ తర్వాత? అయినా ఆయమ్మ కుంచె ఆగలేదు.

చిన్నబ్బ ముడి వేసి తల ఎత్తినాడు. "అక్కా, ఆయప్ప అన్నంత పనీ చేస్తాడు. ఇంక మన వీధికి నూలు రాదు."

"రాకపోతే సొసైటీకి పొయ్యి అడగండి."

"నేను పోతే పడమటోడని తరుముతారు. బావ పోతే..." అని ఆగినాడు. బావ అన్న మాట నోటికొచ్చి శానా దినాలైంది. గంగాధరం వినీ విననట్ల పోగులు సర్దతా ఉండాడు.

"ఇద్దరూ కలిసి పోండి," అనింది కుప్పమ్మ. "నువ్వొక్కడివి అడిగితే పార్టీ అంటారు. ఆయన ఒక్కడు అడిగితే పార్టీ అంటారు. ఇద్దరూ ఒక గుమ్మం ముందర నిలబడితే ఏమంటారో నేనూ చూస్తా. మీతో పాటు మేమూ వస్తాం, ఈ కుంచెలతోనే వస్తాం. ఇయ్యం అంటే ఆ గుమ్మంలోనే కూర్సుంటాం. ఒక నాడు గాదు, ఇచ్చేదాకా."

గంగాధరం నోట్లో పోగు తీసి ముడేసి, కొరికి తుంచి, బామ్మర్ది వంక మొదటిసారి చూసినాడు.

"ఎప్పుడు పోదాం రా?" అన్నాడు.

చిన్నబ్బ నోరు తెరిచేలోపలే కుప్పమ్మ అందుకునింది.

"తర్వాత మాట్లాడుకోండి, యాడికీ పోరు గదా! ఎండ ఎక్కతాండాది, నడుమలో గంజి ఆరిపోతాండాది. పట్టుకోండి ఆ కొస!"